నల్లగుట్ట కనుమ దారి: పది మైళ్ళు, ఒక చెంబు నీళ్ళు

యుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో, మా పేట కసరత్తు గరిడీల మధ్య జరిగిన పది మైళ్ళ పరుగుపందెంలో నేను తొమ్మిదో మైలు దాకా ముందున్నాను. పదో మైలులో ఒక ఎత్తు వచ్చింది. ఆ ఎత్తు మీద నలుగురు నన్ను దాటిపోయారు. అందులో ఒకాయన నాకంటే పదేళ్ళు పెద్ద. చిక్కపేటలో బట్టల కొట్టు గుమాస్తాకు ఎత్తులెక్కడివి? మా వీధిలో ఎక్కాల్సినవి మిద్దె మెట్లు మాత్రమే. మరుసటి పందేనికి ముందు గుట్టల్లో పరుగెత్తి కాళ్ళు గట్టిపరుచుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. మా గరిడీ ఉస్తాదు ఒప్పుకుంటూనే తన పాత నియమాన్ని మరోసారి వినిపించాడు. పరుగు మొదలుపెట్టాక, ముగిసేదాకా చుక్క నీరు ముట్టకూడదు. ఎందుకని అడిగితే ఆయనకు కోపం వస్తుంది, అందుకని ఎవరూ అడగరు.

ఎంచుకున్నది నంది దగ్గరి నల్లగుట్ట కనుమ. యశవంతపురం నుంచి చిక్కబళ్ళాపురం పోయే చిన్న రైలు ఉదయం ఆరింటికి కదులుతుంది. చిక్కపేట నుంచి యశవంతపురానికి జట్కావాడు ఐదణాలు అడుగుతాడు. బస్సులను నమ్ముకోవద్దు. అప్పట్లో పెట్రోలు కరువై అవి బొగ్గు మీద నడిచేవి, ఎప్పుడు బయలుదేరతాయో డ్రైవరుకే తెలిసేది కాదు. నేను నాలుగున్నరకే లేచి నడిచి వెళ్ళాను. నందికి మూడో తరగతి టిక్కెట్టు పదణాలు. రైలు ఎంత నిదానమంటే, దేవనహళ్ళి దాటాక ఒకాయన దిగి కానుగ పుల్ల విరుచుకుని, పళ్ళు తోముకుంటూ వెనక పెట్టెలో ఎక్కాడు. దానితో నేను పందెం వేస్తే ఎంత దూరందాకా గెలుస్తానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నంది చేరేసరికి తొమ్మిది దాటింది.

స్టేషను ఎదుట పెంకుటింట్లో ఒకే హోటలు ఉంది. చక్కెర దొరకక కాఫీలో బెల్లం వేస్తున్నారు, అదీ బాగానే ఉంది. రెండు ఇడ్లీలు తిని, పంచె విప్పి మడిచి భుజం సంచిలో పెట్టుకుని, ఖాకీ నిక్కరుతో నిలబడేసరికి హోటలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“యాడికప్పా?”

“నల్లగుట్ట కనుమ దాకా ఉరికి వస్తా.”

“ఆడ ఎవురన్నా ఉండారా?”

“ఎవురూ లేరు. సుమ్నే, ఊరికే.”

“సుమ్నే ఎవురన్నా ఉరుకుతారా? ఎద్దు గూడా ఉరకదే!” అని నవ్వాడు. దారి మాత్రం సరిగ్గా చెప్పాడు.

స్టేషను నుంచి రెండు మైళ్ళు బండిబాట. ఎర్రమట్టి, రెండు పక్కలా రాగిచేలు, కాళ్ళకు హాయి. బండిబాట కుడికి తిరిగే చోట ఎడమవైపు కాలిబాట పట్టాలి. అక్కడి నుంచి మైలున్నర ఏకంగా ఎక్కుడే. రాళ్ళు వదులుగా ఉంటాయి, లంటానా కంప గీరుకుంటుంది, అడుగు పొట్టిగా వేయకపోతే జారుతుంది. నేను మూడుసార్లు ఆగి గుటకలు మింగాను. రెండు గుట్టల నడుమ కనుమ దాటగానే గాలి చల్లగా తగిలింది. నేల సమంగా అయింది, కాళ్ళకు ఉత్సాహం పుట్టింది. ఎదుట నల్లగుట్టపల్లి, పాతిక ఇళ్ళ ఊరు. దాని ఆవల మైలున్నర పోతే పెద్ద బండ వస్తుంది, దారి అక్కడితో సరి. ఊళ్ళోకి మంచి వేగంతో దిగాను. నిజం చెప్పాలంటే, చూసేవాళ్ళు ఉన్నారని ఇంకాస్త వేగం పెంచాను.

ఎడమవైపు మూడో ఇంటి ముందు ఒక యాభై ఏళ్ళావిడ ఉలవలు చెరుగుతోంది. నన్ను దూరం నుంచే చూసి లేచి నిలబడింది. ఊరి మధ్యలో దారి రెండుగా చీలింది. ఏది బండకు పోతుందో అడుగుదామని ఆమె ముళ్ళకంచె బయట ఆగాను. నోరు తెరిచేలోపే ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“నీళ్ళు తాగప్పా,” అంది. చెంబు కంచె మీదుగా చాచింది.

“వద్దమ్మా, తాగకూడదు,” అన్నాను.

చెంబు కింద పడింది. ఆమె కూడా అక్కడే కూలబడింది. “చెప్పు నాయనా. యాడ? ఎప్పుడు?” అంది. నేను ఏమీ అర్థంకాక తల వంచి పడ్డ చెంబు వంక చూశాను. నేను తల వంచడం చూసి ఆమె “నారాయణా!” అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు చుట్టుపక్కల ఇళ్ళన్నీ కదిలివచ్చాయి. కొడవలితో వచ్చిన ఒకాయన నా భుజం పట్టుకున్నాడు. ఆమె మరిది ఎర్రప్ప అని తరువాత తెలిసింది.

“తంతి కాయితం యాడుండాది? తియ్!” అన్నాడు.

నా సంచి ఆయనే లాక్కుని కుమ్మరించాడు. మడిచిన పంచె, ఒక తువ్వాలు, గుప్పెడు వేరుసెనగలు బయటపడ్డాయి. నేను పట్నంలో కొట్టు గుమాస్తానని, పందెం కోసం ఉరుకుతున్నానని నోరు తడబడుతూ చెప్పాను. ఎర్రప్ప నా భుజం వదిలి కొడవలి కంచెకు తగిలించాడు.

“మా పక్క సావు చెప్పేటోడు ఉరుక్కుంటానే వస్తాడు,” అన్నాడు. “ఇంట్లోకి రాడు, కంచె బయటే నిలుస్తాడు. నీళ్ళిస్తే ముట్టడు. నువ్వు మూడూ చేస్తివి. పైగా ఖాకీ. మావోడు, ఈయమ్మ కొడుకు నారాయణ, పట్టాళంలో చేరి రెండేండ్లాయె. బర్మా పక్కన ఉండాడంటారు. జాబు వచ్చి పది నెల్లయింది.”

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఎవరో లోపలి నుంచి మళ్ళీ చెంబు నింపి తెచ్చారు. ఎర్రప్ప దాన్ని నా చేతికిచ్చి, “కంచె లోపలికొచ్చి తాగు. ఆయమ్మ ముందర తాగు,” అన్నాడు. లోపలికి వెళ్ళి తాగాను. ఉస్తాదూ లేడు, నియమమూ లేదు. నారాయణ తల్లి ఏడుపు ఆపి నా గొంతు వంకే చూసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా రెప్ప వేయలేదు.

“అంతా తాగినాడు. సూసినావా ఎర్రప్పా?”

“సూసినా వదినా.”

ఊపిరి కూడదీసుకున్నాక నన్ను కడిగేసింది. “పని లేదా నాయనా నీకు? కొడుకులు యాడుండారో తెలియని ఊర్లల్లో ఇట్ల ఉరుకుతారా?” ఆమె తిడుతున్నంతసేపూ తలవంచుకుని నిలబడ్డాను. తిట్టడం అయ్యాక, “తిరిగి పొయ్యేటప్పుడు నడిసి రా. ఈడికొచ్చి పో,” అంది.

బండ దాకా వెళ్ళాను. పైనుంచి నంది కొండ, దూరంగా బొమ్మరైలంత రైలు కనిపిస్తాయి. చూడదగ్గ చోటే, నేను మాత్రం సరిగా చూడలేదు. తిరుగుదారిలో ఊరు రాకముందే నడక అందుకున్నాను. ఆమె కంచె లోపల చెంబు పట్టుకుని ఉంది. దాహం ఏమాత్రం లేదు, కడుపులో ముందు తాగిన నీళ్ళే కదులుతున్నాయి. తాగాను. ఒంటిగంటన్నరకు స్టేషను చేరాను. తిరుగు రైలు మూడింటికి.

ఆ తరువాత ఆ దారిన ఆరుసార్లు వెళ్ళాను. మరుసటి పందెంలో ఎత్తు మీద నన్నెవరూ దాటలేదు, నేనే ఇద్దరిని దాటి రెండోవాణ్ణయ్యాను. ఇప్పుడు యుద్ధం ముగిసింది. చిన్న రైల్లో ట్రంకు పెట్టెలతో ఇళ్ళకు పోతున్న సిపాయిలు కనబడుతున్నారు. వాళ్ళు దిగే ప్రతి స్టేషనులోనూ ఎవరో ఒకరు ఎదురొస్తున్నారు. నల్లగుట్టపల్లికి మాత్రం మనిషీ రాలేదు, జాబూ రాలేదు, తంతీ రాలేదు. నేను నీళ్ళు తాగినంత మాత్రాన బర్మాలో ఏదీ మారదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా వెళ్ళిన ప్రతిసారీ చెంబు ఖాళీ అయ్యాక ఆమె మొహం కాసేపు తేటపడుతుంది. ఒక ఆదివారానికి ఆ మాత్రం చాలుననిపిస్తుంది, ఆ వెంటనే చాలదనీ అనిపిస్తుంది.

ఈ దారిలో పరుగెత్తాలనుకునేవారికి ఒకే మాట చెబుతాను. కనుమ దాటగానే పరుగు ఆపి నడవండి, పంచె కట్టుకోండి. ఎడమవైపు మూడో ఇంట్లో నీళ్ళిస్తే దాహం లేదనకండి. కంచె లోపలికి వెళ్ళి, ఆమెకు కనబడేలా నిలబడి, అడుగు దాకా తాగండి.