నోటీసు బోర్డు మీది ఏకగ్రీవం

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు అంతర్జాతీయ సంస్థలో ఉద్యోగమంటే మా వాడకట్టులో ఎవ్వరూ నమ్మలేదు. ఉద్యోగం కారు నడపడమని తెలిశాక అందరి మనసులూ చల్లబడ్డాయి. శామీర్‌పేట దాటి కొంచెం లోపలికి పోతే మా వర్క్‌షాపు. కాళ్లు పోయినవాళ్లకు పెట్టుడు కాళ్లు చేస్తారు. హెడ్డాఫీసు ఎక్కడో యూరప్‌లో, ఇలాంటి షెడ్లు చాలా దేశాల్లో. విమానాశ్రయం నుంచి పెద్దమనుషులను తెచ్చి దింపడం నా పని.

షెడ్డులో నేను అందరినీ ఆటపట్టించేవాణ్ని, అందరికంటే ఎక్కువ మామను. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. రబ్బరు పాదం చెక్కడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చుట్టరికమేమీ లేదు. నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు, ఇగ నా నోటికి హద్దు లేకుండా పోయింది.

"ఊరందరిని నడిపిస్తవ్, నువ్వేంది మామా కుంటుతున్నవ్?"

"నీ ముచ్చట్లు నిలవడి ఇనీ ఇనీ మోకాళ్లు అరిగినయ్ అల్లుడా."

నిరుడు సంస్థ మొత్తానికి పెద్ద అయిన డైరెక్టర్ దిగిపోయాడు. కొత్త డైరెక్టర్‌ను ఎంపిక చేసే కమిటీలో ఈసారి పనివాళ్ల మనిషి కూడా ఒకరుంటారనీ, ఆ ఒక్కరినీ మా షెడ్డు నుంచే పంపాలనీ, అంతా పారదర్శకంగా జరుగుతుందనీ కబురొచ్చింది. కొంపల్లి విల్లాల నుంచి వచ్చే మేనేజర్ సారు ఆ ఉత్తరాన్ని మాకు తెలుగులో చదివి చెప్పాడు.

"పారదర్శకమంటే ఏంది సార్?" అన్నాను.

"అద్దంలోంచి చూసినట్టు అన్నీ కనపడతాయండీ."

"చూస్తం సార్. తలుపు తీస్తరా, అద్దంలకెల్లే చూడాల్నా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకామె ఆఫ్రికా డాక్టరమ్మ. ఒకసారి మా షెడ్డుకొచ్చి, కింద కూర్చుని, పాదం ఎలా చెక్కుతారో గంటసేపు చూసింది. రెండోవాడు హెడ్డాఫీసు మనిషి. చేతిపని షెడ్లన్నీ మూసి, ఒకే ఫ్యాక్టరీలో మిషన్ మీద కాళ్లు చేయించాలన్నది ఆయన లెక్క. అంటే ఆయనొస్తే మాకు తాళం. షెడ్డులో నలభై మందిమి చేతులెత్తి మామను మా మనిషిగా పంపాం.

మా దిక్కు ఒక పద్ధతుంది. పదిమంది తరఫున పంచాయితీకి పోయినోడు బయటికి రాగానే, లోపల ఎవరేమన్నారో నిలబడి చెప్పాలి. చెప్పిందాకా ఎవరూ లేవరు. మొదటి మీటింగు మేనేజర్ సారు గదిలో, కంప్యూటర్ తెర మీద జరిగింది. మేం బయట టిఫిన్ డబ్బాలు ముందు పెట్టుకుని మూత తీయకుండా కూర్చున్నాం. మామ వచ్చి నిలబడ్డాడు.

"చెప్పొద్దంట," అన్నాడు.

లోపలికి పోంగనే ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారట. గ్రామసభకు పోతే హాజరు పుస్తకంలో పెట్టమా, అట్లాంటిదే అనుకుని పెట్టాడు. లోపలి మాట బయట చెప్పనని రాసిచ్చినట్టని తర్వాత తెలిసింది.

"ఆయన్ని అడక్కండి," అన్నాడు మేనేజర్ సారు. "చెబితే ఆయన ఉద్యోగానికే ముప్పు."

నేనూరుకుంటానా? "మామ నోరు మంచిగ కుట్టిన్రు. దారం ఏ దేశందో, ఎంత వెట్టి కొన్నరో," అన్నాను. షెడ్డు మొత్తం పగలబడి నవ్వింది. మామ కూడా పెదవి కొంచెం కదిపాడు.

ఇంకో రెండు మీటింగులయ్యాయి. మామ రెండుసార్లూ బయటికొచ్చి, నిలబడి, ఏమీ చెప్పకుండా తన బల్ల దగ్గరికి పోయాడు. ఆ తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కమిటీ హెడ్డాఫీసు మనిషిని ఏకగ్రీవంగా ఎన్నుకుంది.

ఏకగ్రీవమంటే అందరూ ఒప్పుకున్నట్టు. అందరిలో మామ ఉన్నాడు. ఇగ ఎవరికీ ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. నోరు కుట్టిన్రన్న మాట షెడ్డులో తిరుగుతూనే ఉంది, ఇప్పుడెవరూ నవ్వడం లేదు. పట్టీలు కుట్టే ఆమె ఒకరోజు ఆయన మొహం మీదే అడిగింది: "మా కడుపులు గొట్టి నీకేమొచ్చిందన్నా?" మామ రబ్బరును ఆకురాయితో రుద్దుతూనే ఉన్నాడు. అన్నం దగ్గర ఆయన పక్కన జాగా ఖాళీగా ఉండేది. నేను కూడా అక్కడ కూర్చోలేదు. సంతకం సంగతి తెలిసీ కూర్చోలేదు.

నాలుగు నెలలకు కొత్త డైరెక్టర్ షెడ్డు చూడ్డానికొచ్చాడు. చూసి పోతుంటే కార్లో ఆయనా, వెంట వచ్చిన దొరసానీ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు ఇంగ్లీషు మాట్లాడరాదు. ఇన్నేళ్లు ముందు సీట్లో కూర్చున్నవాడికి వినడం మాత్రం వస్తుంది.

"నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తింది ఆ రబ్బరు దగ్గరి ముసలాయన ఒక్కడే," అన్నాడాయన. "దించమని మూడుసార్లు చెప్పించారట, దించలేదట."

"మరి ఏకగ్రీవమని రాశారు కదా?"

"విరాళాలిచ్చేవాళ్లకు చూడ్డానికి బాగుంటుందని. ఆయన ఎలాగూ చెప్పలేడు, సంతకం చేశాడు."

రింగు రోడ్డు మీద ఆ మిగతా దూరం ఎలా నడిపానో నాకు గుర్తు లేదు.

తిరిగొచ్చి నేరుగా మామ దగ్గరికి పోయాను. "వద్దని చెయ్యెత్తినవంట గద మామా. కార్ల ఇన్న."

"ఇంటే నీ కాడనే వెట్టుకో."

"హాజరనుకోని పెట్టిన సంతకం గది. లెక్కల రాదు."

"అనుకున్నది నా బుద్ధి, పెట్టింది నా చెయ్యి. ఇగ ఎవల మీద నూకాలె?"

"నీ పేరు పోతాంది మామా."

అప్పుడు చేతిలో పాదాన్ని బల్ల మీద పెట్టాడు. "నోరు కుట్టిన్రన్న మాట నీదే గద అల్లుడా. మస్తుగుండె. అందుకే నిలవడ్డది." కోపంగా అనలేదు. పని బాగుందని చెప్పినట్టే అన్నాడు.

మర్నాడు అన్నం దగ్గర లేచి నిలబడ్డాను. నేను లేస్తే ఏదో ఒకటి పేలుతుందని అందరికీ అలవాటు. నోరు తెరవకముందే ఇద్దరు ముగ్గురు నవ్వడం మొదలుపెట్టారు. విన్నది విన్నట్టు చెప్పాను. మూడుసార్లు దించమన్నా దించలేదన్న చోట ఇంకా గట్టిగా నవ్వారు.

"నవ్వకున్రి. ఒట్టు," అన్నాను.

"మామను మంచిగ కాపాడుతున్నవ్‌లే," అన్నారెవరో. "బోర్డు మీద కాయిదం అబద్ధమా మరి?"

మామ మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. డబ్బా మూత పెట్టి, కడుక్కోకుండానే సంచిలో వేసుకుని బల్ల దగ్గరికి పోయాడు.

ఆ నెలాఖరుకు షెడ్డుకు తాళం పడింది. ఆఖరి రోజు మామ మోపెడ్ వెంట ఎవరూ గేటు దాకా రాలేదు. నేనిప్పుడు మేడ్చల్‌లో ఆటో నడుపుతున్నాను. పాతవాళ్లెవరైనా ఎక్కి, మామ ముచ్చట తీసి ఒక తిట్టు తిడితే, ఆయన వద్దనే చెయ్యెత్తాడని చెప్తాను. వాళ్లు అద్దంలో నా మొహం చూస్తూ, తర్వాత వచ్చే జోకు కోసం ఆగుతారు.