అభావం చెప్పిన పంతులుగారు

మా పంతులుగారు మిర్యాలగూడలో, కూతురింట్లో పోయారని మొన్న పొద్దున కబురు వచ్చింది. సూర్యాపేట అంగడిలో బెల్లం తూస్తున్నవాణ్ణి, తక్కెడ కింద పెట్టేశాను. కబురు తెచ్చినవాణ్ణి ఒట్టు వెయ్యమన్నాను. వేశాడు.

సర్కారు బడిలో నాలుగో తరగతి ఉర్దూతో నా చదువు ఆగింది. నడివయసులో తెలుగు నేర్చుకున్నది ఆయన అరుగు మీదే. పలక మీది నా తప్పులను ఉత్తరీయం కొసతో తుడిచేవారు. ఉమ్మితో తుడవనిచ్చేవారు కారు. తర్కశాస్త్రం చదివిన మనిషి. ఒకనాడు 'అభావం' అనే మాట చెప్పారు. లేకపోవడమట.

"లేనిదానికి మల్ల పేరెందుకు పంతులుగారూ? పని లేక గాకపోతె."

ఆయన కోప్పడలేదు. "నీ కొట్టంల ఎద్దు లేదనుకో. పొయ్యి సూస్తె ఏం గనపడతది?"

"కొట్టం."

"కాదురా. ఎద్దు లేకపోవుడు గనపడతది. ఊకె అభావం అనొద్దు. దేనిది, ఎక్కడ, రెండు చెప్పాలె."

నా బుద్ధి వంకర. వారం తిరక్కుండా, కోదాడ నుంచి ఆయన వియ్యంకుడు వస్తున్నాడని దొంగ కబురు పంపాను. పాపం, మధ్యాహ్నమంతా ఎండలో మోటారు బస్సు కోసం నిలబడ్డారు. మర్నాడు అరుగు మీద అందరి ముందూ అన్నారు: "నిన్న కోదాడ మోటార్లకెల్లి మా వియ్యంకుని అభావం దిగింది. కాళ్లకు నీళ్లిచ్చి తీస్కొచ్చిన."

అందరం పడిపడి నవ్వాం. "నీ వంతు గూడ వస్తది, ఆగు," అన్నారు నాతో. అప్పట్నుంచి ఆయన దగ్గరి నుంచి ఏ కబురొచ్చినా నాకు అనుమానమే.

ముసలితనంలో ఆయన కూతురింటికి వెళ్లిపోయారు. పోయిన వారం మిర్యాలగూడ నుంచి వడ్ల బండి తోలుకొచ్చినవాడు చెప్పాడు. "పంతులుకు పాణం బాగలేదట. 'మిర్యాలగూడల నీ అభావం ఉన్నది' అని నీకు చెప్పమన్నడు."

దేనిది, ఎక్కడ, రెండూ ఉన్నాయి. నా వంతు వచ్చిందనుకున్నాను. "ఆ అభావాన్ని ఇంకో నాలుగు దినాలు ఉండనియ్యమను," అని జవాబు పంపి, అంగడంతా చెప్పుకుని నవ్వాను.

నిన్న వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది. కూతురు గుమ్మంలో నన్ను చూసి ఏడ్చింది.

"నీ జవాబు ఇని నాయిన నవ్విండు అన్నా. 'వాడు గట్లనే అంటడు గని వస్తడు' అన్నడు. మంచం పక్కన సాప ఏపిచ్చిండు. ఎవ్వరిని కూసోనియ్యలె."

చాప ఇంకా అక్కడే పరిచి ఉంది. కొత్తది. ఎక్కడా మడత పడలేదు. నేనూ దాని మీద కూర్చోలేదు. పక్కన వట్టి నేల మీద కూర్చుని, సాయంత్రం దాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను.