రెండు కుడిచేతులు

మా బావ పోయాడు. నరసన్నపేటలో కొత్తగా తెరిచే బట్టల కొట్టు ముందు కీబోర్డుకి వైర్లు తగిలిస్తుంటే ఫోనొచ్చింది. చేసింది మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. "ఒరే, టీ అట్టుకెల్లాను. మీ బావ లెగట్నేదురా" అంది. తగిలించిన వైర్లు తగిలించినట్టే పీకేసి బస్సెక్కబోతుంటే, మా ఇద్దరి వాయింపూ పాతికసార్లు విన్న కొట్టు షావుకారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీరిద్దరూ కలిస్తేనే కదండీ వాయింపు. మరింక మీరేటి సేస్తారు?" అన్నాడు. జాలితోనే అన్నాడు పాపం. మా ఊరు నెల్లిమర్ల చేరేదాకా నాకు వేరే ఆలోచన రాలేదు.

దసరాల్లో సాలూరు వైపు లారీల పూజలకి వెళ్లినవాళ్లు మమ్మల్ని చూసే ఉంటారు. ఒక కీబోర్డు, ఒక బెంచీ, దాని మీద ఇరుక్కుని కూర్చున్న ఇద్దరు మగాళ్లు. ఇదేం చోద్యం, ఇంకో కీబోర్డు కొనుక్కోవచ్చు కదా అని అడగనివాళ్లు లేరు. అసలు సంగతేమిటంటే మేమిద్దరం హార్మోనియం మనుషులం. హార్మోనియంలో ఎడంచెయ్యి గాలి కొడుతుంది, పాటంతా కుడిచేతిదే. నాటకాలు తగ్గి ఆర్కెస్ట్రాలు వచ్చాక కీబోర్డు ముందు కూర్చోక తప్పలేదు. దానికేమో రెండు చేతులూ పని చెయ్యాలి. మాకేమో తలా ఒక్క చెయ్యే వచ్చు. "నీ కుడిసెయ్యి, నా కుడిసెయ్యి కలిపితే ఓ మడిసవుతాడు కదరా" అన్నాడు బావ. ఎడమవైపు కూర్చుని కింది స్వరాల మెట్లు నేనూ, కుడివైపు కూర్చుని పై మెట్లు తనూ. అంటే పాట తనది, పాట కింద పరిచే శ్రుతీ నడకా నావి. నాలుగు రోజుల ఏర్పాటు అనుకున్నాం గానీ బతుకంతా అందులోనే గడిచిపోయింది.

బావవి చాదస్తాలు కావలసినన్ని. మొదలెట్టే ముందు తువ్వాలుతో మెట్లు తుడిచేవాడు, తన సగం వరకే. నా సగం నేను తుడుచుకోవాలి. తన ఎడంచేతికి గాలి కొట్టే అలవాటు చచ్చినా పోలేదు. పాట ఊపందుకుంటే ఆ చెయ్యి దానంతటదే తొడ మీద చరుస్తూ ఉండేది. పక్కనే ఉన్నది నేను కదా, సగం దెబ్బలు నా తొడకే తగిలేవి. ఎప్పుడైనా నేను మొహం ముడుచుకుంటే, "కింద గచ్చు గట్టిగుంటేనే కదరా పైన గెంతులు" అనేవాడు. మాట బాగానే ఉంది. గెంతేవాణ్ణే జనం చూస్తారు, గచ్చుని ఎవరు చూస్తారు? ఆ ముక్క తనకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, చెప్పలేదు.

పాటగాడు మంచినీళ్లకి ఆగినప్పుడు మాత్రం మా పండగ. బావ పైనుంచి ఓ చిన్న వరస విసిరేవాడు. నేను దాన్ని కిందనుంచి వంకర తిప్పి తిరిగి ఇచ్చేవాణ్ణి. తను ఇంకో మెలిక పెట్టేవాడు. పాట ఎక్కడికి పోతోందో మాకే తెలిసేది కాదు. ఒకసారి విశాఖపట్నంలో బీచి ఎదురుగా ఓ హోటల్లో సాయంత్రాలు వాయించమని పిలిచారు. అక్కడ నిజం పియానో ఉంది. భోజనానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఓడల మీద దేశాలు తిరిగినవాడట, మా దగ్గరకొచ్చి "మీరు వాయిస్తున్నది జాజ్ అండీ. ఇద్దరు పియానో వాళ్లు ఇలా అప్పటికప్పుడు అల్లుకుంటూ మాట్లాడుకోవడం నేను విదేశాల్లో విన్నాను" అన్నాడు. బావ చేతులు జోడించి, "జాజేటండి బాబూ, మేం దెబ్బలాడుకుంటన్నాం" అన్నాడు. అబద్ధమేమీ కాదు. కిటికీ పక్క సీటు కోసం ఆ రోజు బస్సులో నిజంగానే దెబ్బలాడుకున్నాం. అప్పటినుంచి మేమిద్దరం గొంతు పెంచితే చాలు, "మొదలెట్టీసారా మీ జాజు?" అనేది అప్ప.

ఆ హోటలు వాళ్లకి బావ నచ్చాడు. రెండో చెయ్యి వాళ్లే నేర్పిస్తామన్నారు, తనొక్కణ్ణే ఉండిపొమ్మన్నారు. బావ వెళ్లాడు. నిజం చెప్పొద్దూ, నాకు గుండె తేలికైంది. ఇక నా పాట నేను వాయించుకోవచ్చు కదా అనుకున్నాను. వారం తిరక్కుండా సంచీతో సహా వెనక్కొచ్చేశాడు. "ఆడ సాంబారు తియ్యగుంటాదిరా" అన్నాడు నాతో. అప్పతో మాత్రం అసలు మాట చెప్పాడట, కింద ఎవలూ నేకపోతే నూతిలోకి తొంగి సూస్తన్నట్టున్నాది అని. అది విన్నాక నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను తనకి చిక్కుకుపోయానని అనుకుంటున్నాను, తను కూడా నాకు అలాగే చిక్కుకుపోయాడు. మర్నాడు ఇద్దరం మామూలుగా నెల్లిమర్లలోనే ఓ పెళ్లికి వెళ్లి వాయించాం.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి బావ కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి బయట వాయింపులకి పై మెట్ల మీద ఆర్కెస్ట్రా కుర్రాణ్ణెవణ్ణో కూర్చోబెట్టుకుని, కింది మెట్లు నేను వాయించేవాణ్ణి. కాస్త కోలుకోగానే నాకు కబురు పెట్టాడు. వెళ్లేసరికి బెంచీ మీద నా చోట్లో కూర్చుని ఉన్నాడు. ఆ ఎడంచెయ్యి, గాలి కొట్టడం తప్ప ఇంకోటి ఎరగని చెయ్యి, నా మెట్ల మీద తడుముకుంటోంది. "ఇలా రా. పైకెల్లు" అని కుడివైపు చూపించాడు. మాట ముద్దగా వస్తోంది.

"నాకు రాదు బావా" అన్నాను.

"నాకు మాత్రం ఇది వచ్చేటి? నేర్సుకుంటన్నాను. నేనెలిపోతే నువ్వు ఈ సగంలోనే ఉండిపోతావురా బామ్మర్దీ. అదే నా బెంగ."

రోజూ కూర్చోబెట్టేవాడు. కుడివైపు కూర్చుని మెట్ల మీద వేళ్లు పెట్టేవాణ్ణి. అవి తన మెట్లు. వాటి మీద పాట వాయించడమంటే, నువ్వింక లేవు బావా అని తన ఎదుటే చెప్పడం. ఓ చరణం కానిచ్చి, ఏదో పనుందని లేచిపోయేవాణ్ణి. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల తనొక్కడూ కింది మెట్లు వాయించుకుంటూ ఉండేవాడు. పైన పాట లేకుండా ఆ భాగాన్ని నేను ఎన్నడూ వినలేదు. ముప్పై ఏళ్లు నేను వాయించినది గుమ్మంలో నిలబడి మొదటిసారి విన్నాను. బాగుంది. ఆ మాట తనకి చెప్పాను కూడా. "ఇన్నాళ్లకా ఇనబడింది నీకు?" అని నవ్వాడు.

పెదకర్మం రోజు భోజనాలయ్యాక అప్ప కీబోర్డునీ బెంచీనీ పందిట్లో పెట్టించింది. చుట్టాలూ ఆర్కెస్ట్రా వాళ్లూ చుట్టూ చేరారు. అలవాటు కొద్దీ నేను ఎడమ చివర కూర్చున్నాను. "మజ్జిన కూకోరా" అంది అప్ప.

"రాదే అప్పా."

"వచ్చినట్టే వాయించు. తప్పులొస్తే తిట్టడానికి మీ బావేటి ఉన్నాడా?" అంది. అంతవరకూ ఏడవని మనిషి కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యకి జరిగాను. ఆ బెంచీకి మధ్యలో ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు. అటు చివరా ఇటు చివరా మా ఇద్దరి బరువుకి మెత్తలో దూది అణిగి గుంటలు పడ్డాయి, మధ్యన గట్టులా మిగిలిపోయింది. ఆ గట్టు మీద కూర్చుని కింది మెట్ల మీద ఎడంచెయ్యి, పై మెట్ల మీద కుడిచెయ్యి పెట్టాను. ఎడంచెయ్యి తడబడింది, కుడిచెయ్యి దారి తప్పింది. ఆపలేదు. తప్పులతోనే పాట చివరిదాకా వాయించాను. కళ్లు తుడుచుకుని చూసుకుంటే, ఎప్పుడు జారానో ఏమో, మళ్లీ ఎడమ గుంటలోనే ఉన్నాను. కుడిచెయ్యి మాత్రం బారుగా సాగి, బావ కూర్చునే చోటు మీదుగా, పై మెట్ల మీదే ఉంది.