అక్క ఊరి వంతు

ఒక ఊరు తన ట్యాంకు అప్పు కిస్తీ కడితేనే మరో ఊరికి నీళ్ల ట్యాంకు కట్టించే సర్కారు నిధిని జగిత్యాలలో గంగారాం చూస్తాడు. తన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, అద్దం వంకరగా ఉందని తిట్టే మనిషి. వసూలుకు పోయిన ప్రతి ఊళ్లో ముందు నల్లా తిప్పి దోసిలి పడతాడు. మొన్న కథలాపూర్ దగ్గరి పల్లెలో నల్లా బుస్సుమని గాలి వదిలింది. బోరు ఎండిపోయిందట.

"గాలికి గూడ పైసలు కట్టాల్నా సారూ?" అంది సర్పంచ్ సుధ.

గంగారాం నవ్వలేదు. కిస్తీ గడువు పొడిగిస్తూ సంతకం పెట్టాడు. ఆ పైసలు వస్తేనే, మోకాళ్ల నొప్పులతో పొలం బావి నుంచి బిందెలు మోసే అక్క కిష్టవ్వ ఊరికి ట్యాంకు. సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాడు.

"మా ట్యాంకు గీ ఎండకాలమే గదా తమ్మీ?"

"వచ్చే ఏడు అక్కా."

"గట్లనా. నువ్వు ఎండల తిరుగుతవు. నీళ్లు మంచిగ తాగు."