పస్కా ప్రయాణంలో మిగిలిపోయిన పిల్ల

హైవే పక్క రెస్ట్ ఏరియాల్లో నేల తుడిచే మందు వాసన ఒకటుంటుంది. నిమ్మకాయనీ ఆస్పత్రినీ కలిపినట్టుండే ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా పొత్తికడుపు బిగుసుకుంటుంది.

మేం అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. చలి వదిలి చెర్రీ చెట్లు పూతకొచ్చే రోజుల్లో మా తెలుగు చర్చి సంఘంలోని కుటుంబాలన్నీ వ్యాన్లలో, ఒకదాని వెనక ఒకటిగా, నాలుగైదు గంటల దూరంలోని ఐసెలిన్‌లో జరిగే ఈస్టర్ కూటాలకు బయల్దేరేవి. అమ్మ చీకటితో లేచి కలిపిన పులిహోర, సుగుణ ఆంటీ కోడి వేపుడు, మగ్గిన అరటిపళ్లు, ఎవరి బ్యాగులోనో కారిన ఆవకాయ నూనె, ఆ వాసనల మధ్య ఇరుక్కుని పాటలు పాడుతూ వెళ్లేవాళ్లం. పిల్లలం ఆగిన చోటల్లా బళ్లు మారేవాళ్లం. ఎవరు ఎందులో ఉన్నారని అడిగేవారు లేరు.

నాన్న మాకు సండే స్కూల్ టీచర్. పూర్వం యూదులు పస్కా పండుగకు ఇలాగే బంధువులతో కలిసి, దారి పొడుగునా కీర్తనలు పాడుకుంటూ యెరూషలేముకు నడిచి వెళ్లేవారని చెప్పేవారు. పన్నెండేళ్ల పిల్లవాడొకడు గుడిలోనే ఉండిపోతే, బంధువుల గుంపులో ఉన్నాడులే అనుకుని కన్నవాళ్లు ముందుకు సాగిపోయారని, తెలిశాక వెనక్కి పరుగెత్తి రోజుల తరబడి వెతికారని చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది. "పన్నెండొస్తే నువ్వూ పెద్దదానివే అమ్మా" అనేవారు. ఆ వయసు ఎప్పుడొస్తుందా అని నేను కాచుకుని కూర్చున్నాను.

వచ్చింది. దారిలో డెలావేర్ రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు, బాత్‌రూమ్‌లో, రక్తం చూశాను. ఏం చేయాలో తెలియక టిష్యూలు కుక్కుకుని, స్వెటర్ నడుముకు కట్టుకుని, చాలాసేపటికి బయటికొస్తే మా వ్యాన్లు లేవు. నేను సుగుణ ఆంటీ బండిలో ఉన్నాననుకుంది అమ్మ. అమ్మ దగ్గర ఉన్నాననుకుంది ఆంటీ. నాన్న నంబరు నాకు నోటికొచ్చు. కానీ ఫోన్ చేసి ఏమని చెప్పను? ఎవరైనా పలకరిస్తే, "మై డాడ్ ఈజ్ కమింగ్" అన్నాను. వెతుక్కుంటూ వస్తారనే నమ్మాను. కథలో వచ్చారుగా.

ఐసెలిన్‌లో మధ్యాహ్నం భోజనాల దగ్గరగానీ నేను లేనని తెలియలేదట. మూడు దాటాక ఎవరిదో కారు తీసుకుని నాన్న ఒక్కరే వచ్చారు. పరుగెత్తుకెళ్లాను. ఆయన కారు దిగలేదు.

"ఎక్కు. సాయంత్రం కూటంలో మెసేజ్ చెప్పాల్సింది నేను, తెలుసా? పాస్టర్ గారి ముందు తల కొట్టేసినట్టయింది."

"నాన్నా, ఐ వాస్ స్కేర్డ్. నాకు బ్లడ్ వచ్చింది."

ఆయన నావైపు చూడలేదు. డాష్‌బోర్డు కింద వెతికి ప్లాస్టిక్ కవరొకటి తీసి వెనక సీటు మీద పరిచారు.

"దీనిమీద కూర్చో. కారు మనది కాదు. అదంతా మీ అమ్మకి చెప్పుకో."

ఆ సాయంత్రం కూటంలో ఆయన ఆ పస్కా కథే చెప్పారు. గుడిలో కొడుకును చూసిన తల్లి గురించి చెబుతుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. వెనక వరసలో అమ్మ నా చెయ్యి నొక్కి, "ఎవరితో అనకు" అంది.

ఇప్పుడా ప్రయాణాలు లేవు. పెద్దల పంతాలతో సంఘం రెండు ముక్కలైంది. సుగుణ ఆంటీ వాళ్లు మోరిస్‌విల్ వెళ్లిపోయారు. ఈస్టర్‌కి ఎవరింట్లో వాళ్లు స్క్రీన్ ముందు ఆరాధనకి కూర్చుంటున్నారు. మొన్న నాన్న మా ఇంటికొచ్చినప్పుడు నా కూతురు ఆ రోజుల గురించి అడిగింది.

"అంతమంది పిల్లల్ని అంత దూరం తీసుకెళ్లేవాళ్లం. దేవుడి దయ, ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదమ్మా" అన్నారు నాన్న, కళ్లు మెరుస్తుండగా.

ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే గుర్తులేదు.