కరెంటుకు అంటిన మురికి

ఆ ఇంటి మామగారు పాట వినాలంటే ముందు కరెంటు శుభ్రపడాలి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న ఆ పెద్దమనిషి లెక్క ప్రకారం, కరెంటు మీద ఏ వస్తువు నడిచినా దాని మురికి తీగల్లోంచి పాకుతూ వచ్చి ఆయన స్పీకర్లలో పడుతుంది. అందుకని సాయంత్రం పాట పెట్టేముందు ఫ్రిజ్ ఆపేసేవారు, మిక్సీ ప్లగ్గు పీకేసేవారు, కోడలి ఫోను చార్జరును కూడా వదిలేవారు కాదు.

పాలు విరిగిపోయాయని కోడలు గిన్నె తెచ్చి ముక్కు దగ్గర పెడితే ఆయన కళ్లు తెరవకుండానే, "వయొలిన్ ఎంత బాగా పలికిందో విన్నావా అమ్మా," అన్నారు.

ఫ్రిజ్ గొడవ ఇంట్లోనే ఉండేది. కింది వాటాతో గొడవ మాత్రం వీధికెక్కింది. అక్కడ ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టి బతికే ఆవిడ మిషనుకు మోటారు ఉంది. దాని వైరు వయసు ఆవిడ వయసుకు తక్కువేమీ కాదు. షాకు కొట్టినప్పుడల్లా చెయ్యి విదిలించుకుని, ఇంకో చుట్టు టేపు వేసి, మళ్లీ కుట్టుకునేది. ఆ మిషను తన పాటకు చిల్లులు పొడుస్తోందని, వైరు మార్చేదాకా ఊరుకోనని మామగారు రోజూ మెట్లు దిగి పేచీ పెట్టేవారు. చివరికి ఆవిడ, ఇంకోసారి వస్తే ఇల్లు ఖాళీ చేసి పోతానంది. కోడలికి తల కొట్టేసినట్టయింది. ఈ చెవుల చాదస్తం ఇవాళే వదిలించాలని కొంగు బిగించింది.

ఆ సాయంత్రం మామగారు పాట పెట్టుకుని, కింది మిషను రొద స్పీకర్లలోకి వచ్చేస్తోందని మూలుగుతూ ఉండగా, కోడలు వెళ్లి తమ వాటా మెయిను దించేసింది. ఫ్యాను ఆగింది. లైటు పోయింది. పాట మాత్రం ఆగలేదు.

ఆమె వంగి బల్ల కింద చూసింది. పాటల సెట్టు తీగ గోడ ప్లగ్గు దాకా వెళ్లనే లేదు. గుడ్డ కప్పిన కారు బ్యాటరీ దగ్గరే ఆగిపోయింది.

"ఇంటి కరెంటే తగలని సెట్టులోకి పిన్నిగారి మిషను ఎలా వస్తోంది మామయ్యగారూ?"

మామగారు మెడ గోక్కున్నారు. "ఆ వైరు ఏదో ఒకరోజు ఆవిడ ప్రాణం తీస్తుందమ్మా. మార్చిపెడతానంటే, ఒకరి సాయం నాకక్కర్లేదని తలుపేసింది. సాయానికైతే తలుపేస్తుంది గానీ, పేచీని ఎన్నాళ్లు తట్టుకుంటుంది?"

"మరి నా ఫ్రిజ్ ఎందుకు ఆపినట్టు?"

"ఇంట్లో నువ్వే నమ్మకపోతే కింద ఆవిడ నమ్ముతుందా?"

కోడలికి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంత మంచిపనిని ఇంత వంకరగా చేసే మనిషి మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. బిగించిన కొంగు విప్పకుండానే మెట్లు దిగింది.

"పిన్నిగారూ, మా మామయ్యగారితో వేగలేక చస్తున్నాను. నాకోసమైనా ఆ వైరు మార్చనివ్వండి."

ఆవిడ కళ్లజోడు మీదుగా జాలిగా చూసింది. "నీ మొహం చూసి ఒప్పుకుంటున్నానమ్మాయ్. అదైనా ఊరికే కాదు. ఆయన చొక్కాల కాలర్లు పీలికలై ఉన్నాయి, అన్నీ పంపించు, తిప్పి కుడతాను."

మర్నాడు మామగారు కొత్త వైరు, కొత్త ప్లగ్గు వేసి, ఎర్తు కూడా తగిలించి పైకొచ్చారు. కింద మిషను గడగడా తిరగడం మొదలుపెట్టింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "చెల్లెమ్మా, వయొలిన్ ఇప్పుడు ఎంత తేటగా ఉందో," అని కేకేశారు.

ఇకనైనా తనను కుట్టుకోనివ్వమని కింది నుంచి జవాబు వచ్చింది. కోడలు కూడా పక్కన నిలబడి, నిజమే పిన్నిగారూ, చాలా తేటగా ఉందని వంత పాడింది. సెట్టు ఇంకా ఎవరూ ఆన్ చేయలేదు.