నల్ల దూడ పేరు గోడెక్కిన రోజు

మా తరగతిలో ఒక పాప తొమ్మిది రోజులుగా బడికి రావడం లేదు. ఆ పాప కోసమే ఇది రాస్తున్నాను. పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది... కాస్త ఓపిక పట్టండి, నేను చాలా పట్టాను.

మా చిన్నప్పుడు... పుంగనూరులో సాయంత్రం బడి గంట కొడితే, ఆ రోజు నన్ను ఇంటికి పిలుచుకుపోయేది ఎవరో నాకు తెలిసేది కాదు. మాది చౌడేపల్లె దగ్గర చిన్న పల్లె. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు. ఆ వేళకు అమ్మ పాలు పితికి కేంద్రంలో పోయాలి. నాయన గొర్రెలతో గుట్ట మీద ఉంటాడు. అందుకని మా ఊరి నుంచి టౌనుకు ఎవరు వస్తే వాళ్లతోనే నా ప్రయాణం... ఒకరోజు టమాటా ఆటో, ఒకరోజు పాల బండి, ఒకరోజు మందులకు వచ్చిన పెద్దాయన సైకిలు.

ఇంతమందిలో ఎవరిని నమ్మాలి? అమ్మకు అక్షరం రాదు గానీ ఉపాయం వచ్చింది. అప్పుడే మా ఆవు ఈనింది. బొగ్గులాంటి ఆ పెయ్యదూడకు అమ్మ 'సున్నం' అని పేరు పెట్టింది!

"నల్లదానికి సున్నమని ఎవురన్నా పెడతారామే?" అని నాయన ఒకటే నవ్వు.

"ఎవురూ పెట్టరనే గదా పెట్టింది!" అంది అమ్మ. నా వైపు తిరిగి, "పాపా, నిన్ను పిల్చకపొయ్యేదానికి ఎవురొచ్చినా ముందు దూడ పేరు అడుగు. సెప్తే ఎక్కు. లేకుంటే సార్ పక్కనే కూసో" అంది.

అప్పటినుంచి నలుగురిలో ఆ దూడను 'ఏయ్' అనే పిలిచేవాళ్లం. నా కోసం పంపే మనిషికి మాత్రం అమ్మ చెవిలో చెప్పేది. ఒకసారి మా సొంత మామ ఆ మాట మర్చిపోయి వచ్చాడు. "నీ మేనమామనే గదే!" అని మొత్తుకున్నాడు. నేను కదల్లేదు. నాలుగైదు పేర్లు చెప్పి చూసి, మా ఊరి ఆటో వచ్చేదాకా బడి మెట్ల మీద నా పక్కనే కూర్చున్నాడు పాపం...

మూడో తరగతిలో సార్ 'మా పెంపుడు జంతువు' గురించి రాయమన్నారు. ప్రాణం పెట్టి రాశాను. "మా దూడ పేరు సున్నం. ఇది రహస్యం. ఈ పేరు చెప్పిన వాళ్లతోనే నేను ఇంటికి పోతాను." కింద నా పేరు, ఊరి పేరు. దస్తూరి బాగుందని సార్ దాన్ని గేటు పక్క గోడకు అంటించారు. ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు!

నాలుగు రోజుల తర్వాత టీవీఎస్ బండి మీద ఎవరో ఒకతను వచ్చాడు. "మీ అమ్మ పంపించిందిమ్మా. సున్నం" అన్నాడు. ఎక్కేశాను. బండి మా ఊరి దారి వదిలి మదనపల్లె రోడ్డు పట్టింది. "అన్నా, మా ఊరు ఇట్లా కాదు" అంటే "ఊరికే కూసో" అన్నాడు. అదృష్టం... పెట్రోలు బంకు దగ్గర మా ఊరి పాల బండి నడిపే నాగరాజప్ప చూశాడు. బండి అడ్డం పెట్టి, "ఓ అప్పా! మా ఊరి బిడ్డని యాడికి పిల్చకపోతాండావు?" అని కేక వేశాడు. ఆ మనిషి నన్ను దించేసి వెళ్లిపోయాడు. ఎవరో, ఎందుకొచ్చాడో ఈ రోజుకీ తెలియదు. నాగరాజప్పే నన్ను ఇంటికి చేర్చి జరిగిందంతా చెప్పాడు.

"సదివింది సాలు. రేపట్నించి గొర్రెల ఎనకాల రానీ" అన్నాడు నాయన. నాకు ఆ మనిషి కంటే ఈ మాటే ఎక్కువ భయమేసింది.

"ఆ పేరు వానికి ఎట్లా తెలిసింది?" అని అడిగింది అమ్మ. అబద్ధం నోటిదాకా వచ్చింది... మింగేశాను. "నేనే రాసినానమ్మా. గోడకు అంటించినారు."

"నిజం సెప్పినావు, కొట్టను. ఏం జరిగినా ముందు నాకే సెప్పాల" అంది అమ్మ. తర్వాత నాయనతో, "తప్పు బిడ్డది గాదు. గోడ మీదిది పీకేస్తా, బిడ్డని బళ్లోనించి పీకేది లేదు" అంది.

మర్నాడు అమ్మ మొదటిసారి మా బడి గేటు దాటి లోపలికి వచ్చింది. గోడ మీదిది నా చేత చదివించుకుంది. "బాగానే రాసినావే..." అని, చిరగకుండా గోటితో అంచులు లేపి, తీసి రొండిన దోపుకుంది. కొత్త మాట పెట్టింది. అదేమిటో మీకు చెప్పను.

ఇప్పుడు నేను కుప్పంలో మూడో తరగతికి టీచర్ని. మా బడి పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు చూస్తే తల బాదుకోవాలనిపిస్తుంది. ఐడీ కార్డుతో ఫోటో, ఆటో నంబరుతో ఫోటో, 'మా బంగారం బడికి బయలుదేరింది' అని టైముతో సహా! తీసేయమంటే "ఏమవుతాది మేడం, మనోళ్లే గదా సూసేది!" అంటారు. ఎన్నిసార్లని చెప్పాలి? మా బడి గోడ ముందు కూడా మనవాళ్లే తిరిగేవాళ్లు...

తొమ్మిది రోజులుగా బడికి రాని ఆ పాపతో ఫోన్ ఆటలో ఎవరో మాట కలిపారు. తన బడి పేరు, ఇంట్లో కుక్కపిల్ల పేరు అన్నీ ఆ మనిషే చెబితే చుట్టమే అనుకుంది. ఫోటో పంపమనేసరికి భయపడి, నేను తరగతిలో చెప్పినట్టే, ఇంట్లో చెప్పింది. ఎనిమిదేళ్ల పిల్ల, చేయవలసిన పని సరిగ్గా చేసింది! దానికి బహుమానం దెబ్బలు, బడి మాన్పించడం. ఆ వివరాలన్నీ ఇంట్లోవాళ్లు లోకమంతా చూసేలా పెట్టిన ఫోటోల్లోవే. ఇక ఏ పిల్ల నోరు విప్పుతుందండీ?

అప్పుడు ఒక్క గోడ, ఒక్క కాగితం... గోటితో పీకితే పోయింది. ఇప్పుడు పీకడానికి గోళ్లు చాలవు. అయినా ఈ రోజే మీ ఫోన్లు తెరిచి మొదలుపెట్టండి. మీ అమ్మలు మిమ్మల్ని ఎలా కాపాడుకున్నారో ఈ పోస్టు కింద రాయండి. రహస్యపు మాటలు మాత్రం రాయకండి, మీకు దండం.

పాప నాన్నగారూ, ఇది మీరు చదువుతారని తెలుసు. ఈ నెల ఇరవయ్యో తేదీలోపు పాపను ఎప్పుడు పంపుతారో చెప్పండి. ఇక్కడ వద్దు, బడికి వచ్చి చెప్పండి. మొదటి వరసలో తన చోటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.